టారిన్ చేసిన నేరమేంటి?

ముందే ఓ హెచ్చరిక. హోలీ బ్లాక్ రాసిన మూడు నవలల కథ మొత్తం, క్లైమాక్సులతో సహా ఈ టపాలో చెప్పేస్తున్నా. చదవాలనుకునేవాళ్ళు ఇక్కడే ఆగిపోయి, చదివాక రండి. తిట్టడానికైనా సరే, రండి :)

మొన్నామధ్య ఓ ఆదివారం మా మిత్రుడింటికి భోజనానికెళ్ళాం. వాళ్ళమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం. సోఫాలో ఓ మూల ముడుచుకుని కూర్చుని 'ద క్రూయెల్ ప్రిన్స్' చదువుతోంది. "ఎంతవరకొచ్చావమ్మా?" అన్నా. "ఇది మూడోసారి అంకుల్" అంది. ఇక నా కంచంలో పులిహోర చల్లారిపోయింది.

ఆ రోజు రెండు మాటలు విన్నాను. ఒకటి వాళ్ళ నాన్నది: "ఏంటో గురూ, ఓటు హక్కొచ్చే వయసొస్తున్నా ఇంకా ఈ రెక్కల దేవకన్యల కథలే దీనికి." రెండోది ఆ పిల్లది: "మిగతా అందరూ ఓకే అంకుల్. ఆ టారిన్ ఒక్కర్తీ... దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోద్ది. కవల పిల్లయ్యుండీ అంత ద్రోహమా?"

తండ్రి మాటకి జవాబు చెప్పడం తేలిక. కూతురి మాట మాత్రం వారం రోజులు నన్ను వదల్లేదు. ఎందుకంటే ఈ పుస్తకాలు చదివిన వాళ్ళు నాకు తెలిసి ఓ ఏడెనిమిది మంది ఉన్నారు, మా ఆఫీసులోనే ముగ్గురు. అందరూ ఇదే మాట. తల్లిదండ్రుల్ని నరికినవాడు ఓకే. నీళ్ళల్లోకి తోసినవాడైతే ఏకంగా హీరో. టారిన్ మాత్రం ద్రోహి! ఇదెక్కడి లెక్కండీ?

సరే, ముందు మా మిత్రుడి సంగతి తేల్చేద్దాం. ఫేరీ అనగానే మనకి చేతిలో మంత్రదండం, వీపున సీతాకోకచిలుక రెక్కలు ఉన్న బొమ్మ గుర్తొస్తుంది. అది ఇంగ్లండువాళ్ళు విక్టోరియా రాణి కాలంలో పిల్లల కోసం చక్కెర పాకం పట్టిన సరుకు. అసలు సరుకు స్కాట్లండు, ఐర్లండు పల్లెల్లోది. అక్కడి జనం వీళ్ళ పేరెత్తడానికే భయపడేవాళ్ళు. 'మంచి ఇరుగుపొరుగు', 'మంచివాళ్ళు' అని చాటుగా చెప్పుకునేవాళ్ళు. మన పల్లెల్లో రాత్రిపూట పాముని 'పురుగు' అన్నట్టు, మశూచి వస్తే 'అమ్మవారు పోసింది' అన్నట్టు. స్కాట్లండులో ఆబర్‌ఫాయిల్ అనే ఊళ్ళో పనిచేసిన రాబర్ట్ కర్క్ అనే మతగురువు 1690ల మొదట్లో వీళ్ళమీద ఏకంగా ఓ పుస్తకమే రాశాడు. 1692లో ఆయన చనిపోతే, చనిపోలేదు, వాళ్ళే ఎత్తుకుపోయారు అని ఊళ్ళో కథ పుట్టింది. అన్నట్టు, మన సినిమా పత్రికలు తెగ వాడేసే 'గ్లామర్' అనే మాట కూడా స్కాట్లండుదే. అసలర్థం కళ్ళకి కట్టే మాయ. అది 'గ్రామర్' అనే మాట నుంచి పుట్టిందట, అంటే చదువొచ్చినవాడి దగ్గర మంత్రం ఉంటుందన్న నమ్మకం. (ఇది ఇంకో టపాకి సరిపడా సరుకు, వదిలేద్దాం.)

ఇవి ముద్దు కథలు కావు అనడానికి ఒక్క ఉదాహరణ చాలు. 1895 మార్చిలో ఐర్లండులోని టిప్పెరరీ జిల్లాలో బ్రిడ్జెట్ క్లియరీ అనే ఆవిడకి జబ్బు చేసింది. బట్టలు కుట్టి, కోళ్ళు పెంచి సొంతంగా నాలుగు డబ్బులు సంపాదించుకునే మనిషి. మంచంలో ఉన్నది నా భార్య కాదు, ఫేరీలు ఆమెని ఎత్తుకుపోయి బదులుగా పెట్టిపోయిన మారు మనిషి అన్నాడు మొగుడు. బంధువులు కాళ్ళూ చేతులూ పట్టుకుని పసరు మందులు తాగించారు. "నువ్వు నిజంగా బ్రిడ్జెట్‌వేనా, దేవుడి మీద ఒట్టేసి చెప్పు" అని మళ్ళీ మళ్ళీ అడిగారు. చెప్పింది. సరిపోలేదు. చివరికి మొగుడే ఆమెని కాల్చేశాడు. కోర్టు దాన్ని హత్య అనలేదు, అంతకన్నా తక్కువ నేరం కింద శిక్ష వేసింది. పదిహేనేళ్ళు జైల్లో ఉండి 1910లో బయటికొచ్చాడు. ఏంజెలా బర్క్ అనే ఐరిష్ పరిశోధకురాలు 1999లో దీనిమీద మంచి పుస్తకం రాసింది. నువ్వు మా మనిషివేనని రుజువు చేసుకో, నువ్వేం చెప్పినా మేం నమ్మం... ఈ అడగడం గురించి మళ్ళీ కింద మాట్లాడదాం.

ఇప్పుడు అసలు కథ. 'ద క్రూయెల్ ప్రిన్స్' 2018లో వచ్చింది. తర్వాతి రెండూ ('ద వికెడ్ కింగ్', 'ద క్వీన్ ఆఫ్ నథింగ్') 2019లోనే వచ్చేశాయి. జూడ్, టారిన్ కవలలు, మనుషుల పిల్లలు. వివి వాళ్ళక్క, తల్లి ఒకటే, తండ్రి వేరు. వీళ్ళ తల్లి ఒకప్పుడు మాడాక్ అనే ఫేరీ సేనాపతి భార్య. కడుపుతో ఉండగా, చచ్చిపోయినట్టు నాటకమాడి పారిపోయొచ్చి మనుషుల్లో ఇంకో పెళ్ళి చేసుకుంది. కవలలకి ఏడేళ్ళప్పుడు మాడాక్ వెతుక్కుంటూ వచ్చి పిల్లల కళ్ళ ముందే తల్లినీ తండ్రినీ చంపేస్తాడు. తన కూతురు వివిని ఎలాగూ తీసుకెళ్ళాలి. మిగతా ఇద్దరూ చచ్చినదాని పిల్లలు కాబట్టి వాళ్ళ పూచీ కూడా తనదే అంటాడు. ఎల్ఫ్‌హేమ్ అనే ఫేరీ రాజ్యానికి తీసుకెళ్ళి పెంచుతాడు. తిండి పెడతాడు, పెద్దింటి పిల్లల బడికి పంపుతాడు, జూడ్‌కి కత్తియుద్ధం నేర్పిస్తాడు. ఆ పిల్లలు వాణ్ణి ప్రేమిస్తారు కూడా. ఈ ఒక్క ముక్క కోసం హోలీ బ్లాక్‌కి దణ్ణం పెట్టొచ్చు. అమ్మానాన్నల్ని చంపినవాడి చేతి అన్నం తింటూ, వాడు మెచ్చుకుంటే పొంగిపోవడం ఎలా ఉంటుందో మొదటి పుస్తకం అంతా అదే.

ఎల్ఫ్‌హేమ్‌లో మనిషంటే ఎంత చులకనో చెప్పనక్కర్లేదు. జూడ్‌కి తొమ్మిదేళ్ళప్పుడు మాడాక్ కాపలావాడే ఒకడు ఆమె ఉంగరం వేలి చివర కొరికేస్తాడు. ఫేరీ పండు తింటే మనిషికి ఒళ్ళు తెలియదు. ఫేరీ మాయ చేసి ఏం చెప్తే అది చెయ్యాలి, చెరువులో దూకమన్నా సరే. రక్షణకి జేబులో ఉప్పు, రోవన్ పళ్ళ దండ, తిరగేసి తొడుక్కున్న మేజోళ్ళు. మాయలో పడ్డ మనుషుల్ని పనివాళ్ళుగా వాడుకుంటారు. అలాంటి సోఫీ అనే అమ్మాయిని జూడ్ తప్పించి బయటికి తెస్తుంది. మాయ విడిచాక తనకేం జరిగిందో ఆ పిల్లకి అర్థమవుతుంది. తట్టుకోలేక సముద్రంలో పడి చచ్చిపోతుంది. జూడ్ అదంతా మింగి మళ్ళీ పనిలో పడుతుంది. నాకు ఆ మూడు పుస్తకాల్లోనూ అన్నిటికన్నా భయం వేసిన చోటు అదే.

అయితే మనిషి చేతిలో ఒక్క ఆయుధం ఉంది. ఫేరీలు అబద్ధం చెప్పలేరు. నోరు పెగలదు అంతే. మనిషి చెప్పగలడు.

ఈ నియమం పాతదే. థామస్ ద రైమర్ అనే పాత స్కాట్లండు పాటలో ఫేరీ రాణి థామస్‌కి అబద్ధమాడలేని నాలుకని వరంగా ఇస్తుంది. అతను సంతోషించడు. ఇదేం వరం తల్లీ, ఇక నేను సంతలో ఏదైనా కొనాలా అమ్మాలా అని మొత్తుకుంటాడు. నాకు తెలిసి జానపదంలో ఇంతకన్నా నిజాయితీ గల ఫిర్యాదు లేదు :) కానీ అబద్ధం చెప్పలేనివాళ్ళు మోసం చెయ్యలేరు అనుకుంటే పొరపాటే. వాళ్ళ మోసమంతా మాటల కూర్పులో ఉంటుంది. మనలాంటి వాళ్ళకి ఇది బాగా అర్థం కావాలి, రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్‌లో ఒక్క 'మరియు', ఒక్క 'లేదా' దగ్గర ప్రాజెక్టులు కూలిపోవడం చూసినవాళ్ళం కదా. రెండో పుస్తకం చివర్లో కార్డన్ జూడ్‌ని రహస్యంగా పెళ్ళి చేసుకుని, ఆ వెంటనే నిండు సభలో దేశం నుంచి వెళ్ళగొడతాడు. శిక్షలో ఓ షరతు పెడతాడు: కిరీటం క్షమించేదాకా తిరిగి రాకూడదు. జూడ్ మనుషుల లోకంలో అద్దె ఇంట్లో కుమిలిపోతూ గడుపుతుంది. తర్వాతెప్పుడో గాని తట్టదు, పెళ్ళయ్యాక రాణి తనే కదా, కిరీటమంటే తను కూడా కదా అని. తనని తను క్షమించుకుని ఎప్పుడో వెనక్కి నడిచి వెళ్ళొచ్చు. ఇంత అందమైన ఎడ్జ్ కేస్ నేను ఏ కోడ్ రివ్యూలోనూ చూళ్ళేదు.

ఇప్పుడు నా సొంత సోది కొంచెం. చదువయ్యాక నేను చేరిన మొదటి కంపెనీ (పేరెందుకు లెండి) రెండేళ్ళ బాండ్ రాయించుకుంది, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంది. వాళ్ళు నాతో ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. జీతం ఫలానా అంకె 'వరకు' ఉంటుందన్నారు. వరకే ఉంది, చాలా కింద. ఆర్నెల్లకి రివ్యూ ఉంటుందన్నారు. ఉంది, రివ్యూ మాత్రమే. సర్టిఫికెట్లు భద్రంగా ఉంచుతామన్నారు. నిజంగానే చాలా భద్రంగా ఉంచారు, నాక్కూడా అందనంత. చివరికి నేనేం చేశానంటే, మా ఊళ్ళో బ్యాంకు లోనుకి ఒరిజినల్స్ అడుగుతున్నారని ఏడుపు మొహం పెట్టి చెప్పి సర్టిఫికెట్లు బయటికి తెచ్చుకున్నా, మర్నాటి నుంచి ఆఫీసుకి వెళ్ళలేదు. లోనూ లేదు, గీనూ లేదు. ఈ కథ నేను చాలా పార్టీల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నా. తెలివైనవాణ్ణని.

చెప్పని ముక్క ఇంకోటుంది. నాతోపాటు అదే కంపెనీలో చేరిన రూమ్మేటు ఒకడున్నాడు. నేను బయటపడకముందు ప్రాజెక్టులో కొందర్ని తీసేసే లిస్టు తయారైంది. అందులో నా పేరుంది. వాడికి రెండు వారాల ముందే తెలుసు, మేనేజరు చెప్పి ఎవరికీ చెప్పొద్దన్నాడు. వాడు చెప్పలేదు. ఒకే గదిలో ఉంటూ, నేను వండిన పప్పు తింటూ, చెప్పలేదు. వాడిక్కూడా అదే బాండ్, ఇంటి దగ్గర ఇద్దరు చెల్లెళ్ళు. నేను వాడితో ఏళ్ళ తరబడి మాట్లాడలేదు. నా అబద్ధం తెలివి, వాడి మౌనం ద్రోహం! టారిన్‌ని తిట్టే వాళ్ళ మీద నాకు కోపం ఎందుకొచ్చిందో ఈపాటికి మీకర్థమయ్యే ఉంటుంది.

ఇక టారిన్ దగ్గరికొద్దాం. కార్డన్ ముఠా ఈ ఇద్దరినీ ఏట్లోకి తోస్తుంది, అందులో మనుషుల్ని తినే జలకన్యలుంటాయి. కార్డన్ టారిన్‌కి వెళ్ళిపోయే అవకాశం ఇస్తాడు. అతను చెప్పినట్టు చేసి ఒడ్డెక్కేస్తుంది. జూడ్ ఎక్కదు. చదివేవాళ్ళు జూడ్ పౌరుషానికి పొంగిపోతారు, టారిన్‌ని పిరికిదంటారు. పదిహేడేళ్ళ పిల్ల, నడుంలోతు నీళ్ళల్లో, పళ్ళు నూరుతున్న రాక్షసుల మధ్య. ఒడ్డెక్కడం నేరమా?

తర్వాత పెద్ద ఆరోపణ. లాక్ అనే పెద్దింటి కుర్రాడు టారిన్‌ని పెళ్ళి చేసుకుంటానంటాడు, కానీ ఓ పరీక్ష పెడతాడు. తను ఏం చేసినా ఎవరికీ చెప్పకుండా ఓర్చుకోవాలి. ఆ 'ఏం చేసినా'లో జూడ్ వెంటపడటం కూడా ఉంది. టారిన్ నోరు మూసుకుని చూస్తూ ఊరుకుంటుంది. జూడ్‌కి తెలిశాక అక్కాచెల్లెళ్ళు కత్తులు దూసుకుంటారు. అవును, తప్పే. జూడ్ గుండె పగిలింది, నేనేం కాదనను. కానీ ఈ ఆటకి నియమాలు రాసిందెవరు? తన వినోదం కోసం ఇద్దరు కవలల్ని ఒకరిమీదకి ఒకర్ని ఎగదోసింది లాక్. వాడిని 'కొంటెవాడు' అని వదిలేస్తారు. వాడి దయ తప్ప ఆ రాజ్యంలో వేరే చోటు లేని పిల్లని ద్రోహి అంటారు.

టారిన్‌కి ఉన్న దారులేంటో కాస్త చూడండి. మాయకి లొంగని శక్తి ఆమెకి ఎవరూ ఇవ్వలేదు. జూడ్‌కి యువరాజు డెయిన్ ఇచ్చాడు, గూఢచారిగా పనిచేసినందుకు జీతంగా. (ఆ డెయిన్ మహానుభావుడు పరీక్ష కోసం సొంత చేతిలో సొంత కత్తి దింపుకోమంటాడు, ఆమె దింపుకుంటుంది.) టారిన్‌కి కత్తి తెలుసు గానీ దాంతో బతికే నైపుణ్యం లేదు. మిగిలిందల్లా ఆ సమాజంలో ఎవరో ఒకరి భార్యగా చోటు సంపాదించడం. అది మన అమ్మమ్మలందరికీ తెలిసిన దారి, అది తప్ప ఇంకో దారి లేని రోజుల్లో. తల వంచుకుని, నవ్వుతూ, అవమానం మింగుతూ పీట సంపాదించడం. దాన్ని పిరికితనం అనడానికి మనకి నోరెలా వస్తుందో నాకర్థం కాదు.

ఇప్పుడు జూడ్ పద్దు తీద్దాం. చంపుతుంది, శవాన్ని పాతిపెడుతుంది. సరే, వాలేరియన్ చంపడానికే వచ్చాడు, అది ఆత్మరక్షణ. పెంచిన తండ్రికి వైన్‌లో విషం పెడుతుంది. తను రోజూ కొంచెం కొంచెం విషం మింగి ఒంటికి అలవాటు చేసుకుంది కాబట్టి తనకేం కాదు. కార్డన్‌ని సంవత్సరం మీద ఒక రోజు తన మాట వినేలా ఒప్పందంలో ఇరికిస్తుంది. తమ్ముడు ఓక్‌కి పట్టాభిషేకం అని చెప్పి, ఆ ఓక్ చేతే కార్డన్ నెత్తిన కిరీటం పెట్టిస్తుంది. అంటే తనకి కట్టుబడినవాణ్ణి రాజుని చేసి, వెనకాల కూర్చుని రాజ్యమేలుతుంది. ఆ రాజుకి కనీసం ముందు చెప్పను కూడా చెప్పలేదు. ద్రోహం అనే మాటకి ఇంతకన్నా నిండు ఉదాహరణ ఏముంటుంది? నాకు ఆ సీను చదువుతుంటే ఒళ్ళు గగుర్పొడిచింది. చప్పట్లు కూడా కొట్టా. అదే నా పాయింటు, చప్పట్లు కొట్టిన చేతులతోనే టారిన్ మీద రాళ్ళెందుకు వేస్తున్నాం?

కథ జూడ్ నోటి వెంట నడుస్తుంది, అదొక కారణం. ఆమె భయం, ఆకలి, పట్టుదల మనకి తెలుసు. టారిన్ రాత్రిళ్ళు ఏమనుకుంటూ పడుకుందో మనకి తెలీదు. ఇంకో కారణం, కత్తి పట్టిన ఆడపిల్లని 'స్ట్రాంగ్ కేరక్టర్' అని మెచ్చుకోవడం మనకి ఈమధ్య బాగా అలవాటైంది. సూది పట్టిన ఆడపిల్ల మీద మాత్రం మొగవాళ్ళకి పూర్వం ఉన్న చిన్నచూపు ఇప్పుడు అందరికీ వచ్చేసింది. మూడోది, పుస్తకాల వ్యాపారం. 'శత్రువులు ప్రేమికులయ్యే కథ' అని ఓ చీటీ అంటించి అమ్ముతారు. ఆ చీటీ చూసి కొన్నవాళ్ళకి కార్డన్ చేసిన ప్రతి దుర్మార్గం రాబోయే ముద్దుకి బయానా. వాణ్ణి క్షమించడానికి ముందే సిద్ధపడి కూర్చుంటారు. టారిన్‌కి ముద్దు సీను లేదు, క్షమాపణా లేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. రెండో పుస్తకంలో టారిన్ చేసింది చిన్నది కాదు. జూడ్ వేషం వేసుకుని రాజు దగ్గరికెళ్ళి, మాడాక్ సైన్యంలో కొంత భాగాన్ని రాజుకిచ్చిన మాట నుంచి విడిపిస్తుంది. దాని ఫలితం యుద్ధం. దీన్ని నేను కడిగెయ్యను. ఒడ్డెక్కడం వేరు, ఒడ్డెక్కి నిచ్చెన లాగెయ్యడం వేరు. అయితే మూడో పుస్తకం మొదట్లో టారిన్ వచ్చి తలుపు తడుతుంది. లాక్‌ని చంపేసింది. కడుపుతో ఉంది. విచారణలో మాయ చేసి నిజం చెప్పమంటే చెప్పెయ్యక తప్పదు, కాబట్టి మాయ అంటని జూడ్ తన వేషంలో వెళ్ళి అబద్ధం చెప్పాలి. జూడ్ వెళ్తుంది. దేశబహిష్కారంలో ఉండి, పట్టుబడితే ప్రాణం పోతుందని తెలిసీ వెళ్తుంది. ఆ జూడ్ క్షమించిందండీ బాబూ, మధ్యలో మనదేంటి?

ఇక్కడ ఇంకో పుస్తకం గురించి చెప్పాలి, ఫేరీల పుస్తకాల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైంది. పేడర్ ఓ గిలీన్ అనే ఐరిష్ రచయిత 2016లో రాసిన 'ద కాల్'. ఐరిష్ పురాణ గాథల్లో ఇప్పటి మనుషుల పూర్వీకులు అంతకుముందున్న దేవజాతిని ఓడించి మట్టిదిబ్బల కిందకి పంపేశారు. ఆ దిబ్బ పేరే తర్వాత వాళ్ళ పేరైంది, షీ. రచయిత ఆ కథ పట్టుకుని, అలా వెళ్ళగొట్టినవాళ్ళు ఓ బూడిదరంగు నరకంలో వేల ఏళ్ళు మగ్గి ఇప్పుడు పగ తీర్చుకుంటుంటే ఎలా ఉంటుందని ఊహించాడు. ఐర్లండుకి బయటి ప్రపంచంతో సంబంధం తెగిపోయింది. టీనేజీ పిల్లలందరికీ ఎప్పుడో ఒకప్పుడు 'పిలుపు' వస్తుంది. ఉన్నట్టుండి మాయమవుతారు. ఇక్కడ మూడు నిమిషాల నాలుగు సెకన్లు, అక్కడ ఒక రోజు. ఆ రోజంతా షీ వాళ్ళని వేటాడతారు. పదిమందిలో ఒకరు ప్రాణాలతో తిరిగొస్తారు. వచ్చినవాళ్ళు కూడా ఒక్కోసారి వంకర్లు తిరిగిన ఒళ్ళుతో వస్తారు. బళ్ళన్నీ బతకడం నేర్పే బళ్ళుగా మారిపోయాయి. కథానాయిక నెస్సాకి పోలియో, పరిగెత్తలేదు. ఈమె మీద ఆశ ఉన్నవాళ్ళు దాదాపు లేరు.

నెస్సా బతికొస్తుంది. 2018లో వచ్చిన రెండో భాగం 'ది ఇన్వేజన్' అక్కణ్ణించే మొదలు. ఆమెకి దండ వేస్తారనుకుంటున్నారా? శత్రువుతో ఒప్పందం కుదుర్చుకుని బయటపడ్డ పిల్లల్ని పట్టుకునే వేట మొదలవుతుంది. ఆ కాళ్ళతో ఎలా బతికావు, అమ్ముడుపోకుండా సాధ్యమా అంటారు సొంత ప్రభుత్వంవాళ్ళు. శిక్షగా మళ్ళీ ఆ నరకానికే పంపుతారు. ఇంతకన్నా భయంకరమైన తర్కం ఉందా? చచ్చిపోయుంటే అమాయకురాలు, బతికింది కాబట్టి ద్రోహి. బ్రిడ్జెట్ క్లియరీని అడిగింది ఇదే. అక్కడా రుజువు అడిగారు, ఇక్కడా అడుగుతున్నారు, రెండు చోట్లా జవాబు ముందే రాసిపెట్టుకున్నారు.

ఈ ప్రశ్న అడిగేవాళ్ళని చూడండి, ఎప్పుడూ ఒడ్డున ఉన్నవాళ్ళే అడుగుతారు. నెస్సాని అడిగినవాళ్ళకి పిలుపు వచ్చే వయసు దాటిపోయింది. టారిన్‌ని తిట్టే మేము ఏసీ గదుల్లో కూర్చుని చదువుతున్నాం. నా రూమ్మేటుని తిట్టింది నేను, సర్టిఫికెట్లు చేతిలో పడ్డాక.

అందరు ఫేరీ రచయితలకీ నేను వకాల్తా పుచ్చుకోవట్లేదు. సారా మాస్ 2015లో మొదలుపెట్టిన 'ఏ కోర్ట్ ఆఫ్ థార్న్స్ అండ్ రోజెస్' ఎంత అమ్ముడుపోయిందో మీకు తెలుసు. మొదటి అధ్యాయం బ్రహ్మాండం. చలి, ఆకలి, ఇంట్లో పనికిరాని తండ్రి, ఇద్దరు అక్కలు, అడవిలో ఒక జింక, దాన్ని చూస్తున్న ఒక తోడేలు. బతకడం అంటే అది. తర్వాతే చిక్కు. ఫేరీలు అబద్ధం చెప్పలేరన్నది మనుషుల అపోహ మాత్రమే అని ఆవిడ ఆ నియమాన్ని ఎత్తేసింది. దాంతో మనిషికున్న ఒక్క ఆయుధమూ పోయింది. ఇక మనిషి ఎలా నెగ్గాలి? మొదటి పుస్తకం చివర నాయిక చనిపోతే ఫేరీగా బతికిస్తారు. సమస్య తీరిపోయింది, ఎందుకంటే మనిషే లేదు. బలహీనుల కథ మొదలెట్టి, బలహీనత తీసేసి గెలిపించడం. పరీక్షలో ప్రశ్న మార్చేసి మార్కులు వేసుకున్నట్టుంది నాకైతే. జూడ్ చివరిదాకా మనిషే. వేలు పోయింది పోయినట్టే ఉంటుంది.

అలాగని హోలీ బ్లాక్‌ని కూడా పూర్తిగా వదలను. మూడో పుస్తకంలో ఆవిడ చెయ్యి వణికింది. రాజు పాముగా మారిపోతాడు, జూడ్ తల నరికితే అందులోంచి చక్కగా నడిచి బయటికొస్తాడు. మాడాక్‌ని ఆయుధం ముట్టకూడదని మనుషుల లోకానికి పంపేస్తారు. ఆఖర్న అందరూ కలిసి పీజ్జా తింటారు. పీజ్జా! ఆ పిల్లల తల్లిని, తండ్రిని వాళ్ళ కళ్ళముందు చంపినవాడి విషయం ఇంత తేలిగ్గా తెగిపోతుందా? మొదటి పుస్తకంలో అంత కష్టపడి కట్టిన ముడిని కత్తెరతో కత్తిరించేసినట్టైంది. పదేళ్ళు వాడి అన్నం తిన్న పిల్ల వాడితో ఏం మాట్లాడాలో, ఆ ఒక్క సంభాషణ కోసం మూడు పుస్తకాలు చదివా. అది రావాల్సినంత రాలేదు. టారిన్‌కైతే రాణి చెల్లెలుగా ఓ మూల కుర్చీ వేశారు, అంతే.

ఇవన్నీ ఆ రోజు ఆ పిల్లకి చెప్పలేకపోయా. నేను చెప్పగలిగింది చెప్తే అది ఓపిగ్గా విని, "మీరు చెప్పింది కరక్టే గానీ అంకుల్, జూడ్ ఎక్కలేదు కదా ఒడ్డు. ఎక్కకుండా ఉండొచ్చని తెలిసింది కదా" అంది. నా దగ్గర వెంటనే జవాబు లేదు. వాళ్ళ నాన్న మాత్రం "ఏ ఒడ్డమ్మా, ఏం నీళ్ళు?" అంటూ పెరుగు గిన్నె పట్టుకొచ్చాడు.

వెళ్తూ వెళ్తూ 'ద కాల్', 'ది ఇన్వేజన్' రెండూ ఇచ్చొచ్చా. వారమైంది. మొదటిది అయిపోయిందట, రెండోది సగంలో ఆపేసిందట. ఎందుకాపావమ్మా అంటే, "నెస్సాని వెనక్కి పంపించేశారు అంకుల్, మా నాన్నకి కూడా చదివి వినిపించా, ఆయన రెండు రోజుల్నించీ తర్వాతేమైందని అడుగుతున్నారు, నేనే చెప్పట్లేదు" అంది.